గవ్వలరేవుకు తరలిన గుండిగ

తూర్పు కొండల వెనక నుంచి సూర్యుడు బంగారు పళ్ళెంలా పైకి లేచాడు. ఆ వెలుగులో దంష్ట్రాపురం కోట బురుజులు నోరు తెరిచిన పులి కోరల్లా మెరిశాయి. కోట ముందు మైదానంలో ఏడువేల గుర్రాలు ఒక్కసారిగా ఉలవలు నములుతుంటే రేకుల మీద వడగళ్ళు పడుతున్నట్టుంది. పట్టుకుచ్చు జూలున్న తెల్లగుర్రాలు, నల్లకలువ రంగు గుర్రాలు, నుదుట చంద్రవంక ఉన్న ఎర్రగుర్రాలు! అయితే ఒక్కదాని మెడలోనూ గంట లేదు. గంటలన్నీ విప్పేసి గోనెసంచుల్లో మూటగట్టారు. పెళ్ళి ఊరేగింపుకు వెళ్ళే గుర్రాలకు ఎవరూ గంటలు విప్పరు.

తలమీద ఉలవల గంప పెట్టుకుని వాటి మధ్య తిరుగుతున్న మూగ గుర్రపువాడు ఇదంతా చూస్తున్నాడు. అతను మూగవాడు కాడు, గుర్రపువాడు అంతకన్నా కాడు. సరిహద్దుకు అవతల, చంద్రశిల రాజ్యంలో, పింగళ నది మీద గవ్వలరేవులో పడవ నడుపుకునే మాచన్న.

మాచన్న శత్రురాజ్యంలోకి వచ్చింది సాహసం చేద్దామని కాదు. చంద్రశిల రాజసభలో సింహాసనానికి ఎడమపక్క అంబలి కూటమివారు కూర్చుంటారు. పేదల పక్షం వాళ్ళది. జెండా మీద గుండిగ, నోట్లో ఒకటే నినాదం: "కత్తికి కాసు వద్దు, కడుపుకు కబళం కావాలి!" శత్రువు అనేవాడు లేడని, వాడి పేరు చెప్పి సేనాధిపతి ఖజానా ఊడ్చేస్తున్నాడని వాళ్ళు పదిహేనేళ్ళుగా అంటున్నారు. కుడిపక్క కూర్చునే సేనాధిపతి వర్గం శత్రువు రేపే వస్తాడని అదే పదిహేనేళ్ళుగా అంటోంది. ఏది నిజమో చూసి రమ్మని కూటమి నలుగురు పెద్దలతో నిజనిర్ధారణ సంఘం వేసింది. సరిహద్దు కనబడగానే మాచన్న పడవలో ఉన్న ఆ నలుగురికీ జలుబు చేసింది.

"నువ్వు వెళ్ళి చూసిరా మాచన్నా. నివేదిక మేం చూసుకుంటాంలే," అన్నారు వాళ్ళు ముక్కులు తుడుచుకుంటూ. నివేదిక అప్పటికే రాసి, దారం కట్టి, సంచిలో పెట్టి ఉంది.

అలా వచ్చిన మాచన్నకు మైదానం చివర, పింగళలో కలిసే ఏటి ఒడ్డున, గుండెలు జారిపోయే దృశ్యం కనబడింది. వందల కొద్దీ పుట్టిలు బోర్లించి ఉన్నాయి. వెదురుబద్దలతో పెద్ద గుండ్రటి బుట్టలు అల్లి, వాటికి దున్నపోతు తోళ్ళు బిగించారు. పుట్టి వడి ఉన్న నీళ్ళలో బొంగరంలా తిరిగిపోతుంది. పింగళ నది పొడవునా పుట్టిలు సుఖంగా దాటగల చోటు ఒక్కటే ఉంది. నది వెడల్పుగా పరుచుకుని, మోకాలి లోతు ఇసుకమేటలతో నిదానంగా పారే చోటు. గవ్వలరేవు.

మాచన్న చుట్టూ చూశాడు. ఎవరూ లేరనుకున్నాడు. తోలు ఎంత ఆరిందో చూద్దామని బొటనవేలితో నొక్కి, చెవి ఆనించి, వేలి గణుపుతో మోగించాడు. ఇంకా పచ్చిగానే ఉంది. మూడు పొద్దులు ఎండాలి. నాలుగో రోజు మధ్యాహ్నానికి నీళ్ళలోకి దిగుతాయి.

"గుర్రపువాడు తోలుని అరచేత్తో తడుముతాడు," అంది వెనక నుంచి ఒక గొంతు. "చెవి పెట్టి మోగించేది పడవవాడు."

మాచన్న ఉలిక్కిపడి తిరిగాడు. ఎదురుగా దంష్ట్రాపురం ఆస్థాన మాంత్రికుడు ధూమాక్షుడు! తాటిచెట్టంత మనిషి, బొగ్గు పూసినట్టున్న ఒళ్ళు, మెడలో గబ్బిలాల ఎముకల దండ. అతని కుడికన్ను అందరి కన్నులాంటిదే. ఎడమకంట్లోంచి మాత్రం తడికట్టెల పొయ్యిలోంచి వచ్చినట్టు పొగ వస్తూనే ఉంటుంది. అతను రెప్ప వాల్చాడు. పొగ పాయలు పాయలుగా పేనుకుని, పలుపుతాడై, బుస్సుమంటూ వచ్చి మాచన్న నడుముకు చుట్టుకుంది.

మూగవాడి నోట్లోంచి "ఓరి నీ అమ్మ కడుపు మాడా!" అనే కేక వచ్చింది. ఉలవల గంప మాంత్రికుడి మొహం మీదికి విసిరి, నీటి అంచున బోర్లించకుండా వదిలేసిన ఒక పుట్టిలోకి దొర్లి, కాలితో ఒడ్డును తన్నాడు. పచ్చితోలు పుట్టి నీళ్ళలో పడగానే గిర్రున తిరిగింది. పొగతాడు కదురుకు నూలు చుట్టుకున్నట్టు పుట్టికి చుట్టుకోసాగింది. తాడు రెండో కొస ఉన్నది ఎక్కడ? మాంత్రికుడి కంట్లో! ఆ కన్ను లాగితే తల, తల లాగితే మెడ, మొత్తం మహామాంత్రికుడు కాళ్ళు బారజాపుకుని బురదలోకి బొక్కబోర్లా పడ్డాడు. కన్ను ఆరిపోయింది. తాడు తెగి పొగై పోయింది.

పుట్టిలో ఎవరో కోరల టోపీ మరిచిపోయారు. దంష్ట్రాపురం సైనికులు పెట్టుకునే ఇనుపటోపీ, రెండు పక్కలా అడవిపంది కోరలు. మాచన్న అది నెత్తిన పెట్టుకుని, దారిలో వచ్చిన మూడు కావలి ఠాణాలకూ గంభీరంగా చెయ్యెత్తి దణ్ణం పెట్టాడు. మూడు ఠాణాలవాళ్ళూ లేచి నిలబడి తిరిగి దణ్ణం పెట్టారు.

మధ్యాహ్నానికి గవ్వలరేవు వచ్చింది. ఒడ్డున దిగాడో లేదో వీపు మీద తెడ్డు దెబ్బ పడింది.

"పంది కోరల వెధవా, మా రేవులోనే దిగుతావురా!"

"అక్కా, నేనే! కొట్టకే!"

కొట్టింది అతని అక్క పోలమ్మ. రేవులో రెండో పడవ ఆమెదే. ఆమె తెడ్డు దించి తమ్ముడి టోపీ ఎత్తి చూసింది. "నువ్వటరా! ఇదేం వేషం? పెద్దలకు జలుబు చేస్తే నీకు పిచ్చెక్కిందా?"

మాచన్న చూసిందంతా చెప్పాడు. పోలమ్మ వెనక్కి తిరిగి ఊరివంక చూసింది. మూడువందల గడప. వలలు ఆరేసిన దడులు, పొయ్యిల మీద అన్నాలు, అరుగుల మీద ముసలివాళ్ళు. రాజ్యం తరఫున రేవును కాపలా కాసేది ఒక్కడే. అతని చేతిలో ఈటె కర్ర ఉంది. ఈటె మొన రాజధానిలో మెరుగుపెట్టడానికి తీసుకుపోయి నాలుగేళ్ళయింది.

"నాలుగు రోజులంటే ఈ ముసలాళ్ళను ఎక్కడికని మోసుకుపోతాంరా?" అంది పోలమ్మ. "ఎల్లు. ఎవరి కాళ్ళయినా పట్టుకో. రెండొందల మందిని తీసుకురా చాలు. ఈ మేటల మీద రెండొందల మంది నిలబడితే రెండువేల మందినైనా ఆపొచ్చు. వేరేవాళ్ళ కాళ్ళు దొరక్కపోతే సేనాధిపతివే పట్టుకో."

*

మరునాడు పొద్దుటికి మాచన్న రాజధాని చేరాడు. చంద్రశిల నగరాన్ని వర్ణించడం ఎవరి తరం! పాలరాతి మేడలు, పగడపు కిటికీలు, గులాబినీళ్ళు చిమ్మే జలయంత్రాలు, ఆ యంత్రాల పక్కన గులాబినీళ్ళే తాగి బతుకుతున్నట్టు బక్కచిక్కిన జనం. వీటన్నిటినీ మించి, కోట లోపల, ఆకాశాన్ని పొడుస్తూ ఇత్తడి ఏనుగు! నలభై మూరల ఎత్తు. కళ్ళకు కెంపులు. వెనకభాగంలో నలభైమంది కూర్చుని కొలిమితిత్తులు ఊదితే తొండంలోంచి మంట వస్తుంది. దేశరక్షణ కోసం పదిహేనేళ్ళుగా జనం కట్టిన కోటపన్నంతా ఆ ఏనుగు పొట్టలో ఉంది.

సేనాధిపతి ప్రచండగుప్తుడు ఏనుగు కాలిగోళ్ళకు నిమ్మచెక్కలతో మెరుగు పెట్టిస్తున్నాడు.

"ప్రభూ, శత్రువు వస్తున్నాడు," అన్నాడు మాచన్న ఆయాసపడుతూ.

"నేను పదిహేనేళ్ళ నుంచి చెబుతూనే ఉన్నాగా!"

"నిజంగా వస్తున్నాడు ప్రభూ."

సేనాధిపతి మీసం వాలిపోయింది. "నిజంగానా?"

"ఎల్లుండి మధ్యాహ్నానికి గవ్వలరేవు దాటతారు. ఇదిగో వాళ్ళ టోపీ. రెండువందల మంది రౌతుల్ని ఇప్పించండి, మీ కాళ్ళకు దణ్ణం పెడతాను."

ప్రచండగుప్తుడు టోపీని అటూ ఇటూ తిప్పి చూసి, బాగుందనుకుని, తన పరిచారకుడికిచ్చి గోడకు తగిలించమన్నాడు. తర్వాత కరుణతో మాచన్న భుజం తట్టాడు. "ఎల్లుండి రాజుగారి ముందు ఏనుగు ప్రదర్శన ఉందయ్యా. ఉన్నవాళ్ళందరూ తోమడానికే చాలడం లేదు."

"అయితే ఈ ఏనుగునే రేవుకు పంపండి ప్రభూ."

"ఎట్లా వెళుతుంది? కోట తలుపు కన్నా ఏనుగు ఎత్తు."

మాచన్న తలుపును చూశాడు, ఏనుగును చూశాడు. పడవ కట్టేవాడు మొదట చూసుకునేది అది ఒడ్డు దిగుతుందా లేదా అని.

"తలుపు ఎత్తు పెంచడానికి వచ్చే ఏడు అడుగుతాం," అన్నాడు సేనాధిపతి. "నువ్వొక పని చెయ్యి. ఇదే మాట సాయంత్రం సభలో చెప్పు. కాస్త ఏడుస్తూ చెప్పావంటే మరీ మంచిది. రెండో ఏనుగు మంజూరవుతుంది. ఆడ ఏనుగు. ఒంటరిగా ఉంటే దీనికి శోభ లేదు."

*

ఇక మిగిలింది అంబలి కూటమి. మాచన్న పరుగున వాళ్ళ మండపానికి వెళ్ళాడు.

మండపం నడుమ రాతిపొయ్యి. దానిమీద పదిమంది దిగి స్నానం చెయ్యగల గుండిగ. ఆ గుండిగలో రాగిజావ. కూటమి పుట్టినప్పటి నుంచీ ఉన్న ఆచారం ఇది: అందరూ ఒకే పంక్తిలో కూర్చోవాలి, అదే అంబలి తాగాలి, ఒకరినొకరు "సహపంక్తీ" అని పిలుచుకోవాలి. గరిట చేతిలో ఉన్నవాడే మాట్లాడాలి. అంబలికి పొంగు వచ్చే వేళకు గరిట ఎవరి చేతిలో ఉంటే అతనే ఏడాదిపాటు నాయకుడు. నాయకుడు అందరికీ వడ్డించి ఆఖర్న తాగాలి.

నెల కిందట పాత నాయకుడు సభలో నోరుజారి "కోటగోడకు సున్నం అయినా వేయిద్దాం" అన్నాడు. గోడ రక్షణ కిందికి వస్తుందని ఎవరో గుర్తుచేశారు. ఆయన ఆ పూటే గరిట దించేశాడు. అప్పటి నుంచి ఇద్దరు పోటీ పడుతున్నారు. సౌమ్యకేతుడు గరిట పట్టుకుంటే ధీరవచనుడి మనుషులు పొయ్యిలో కట్టెలు లాగేస్తారు. ధీరవచనుడు పట్టుకుంటే సౌమ్యకేతుడి మనుషులు నీళ్ళు చల్లుతారు. జనం ఆకలి తీర్చడానికి పుట్టిన కూటమి నెలరోజులుగా పచ్చిపిండి నీళ్ళు తాగుతోంది.

మాచన్న వెళ్ళేసరికి గరిట సౌమ్యకేతుడి చేతిలో ఉంది. పొడుగాటి మనిషి, వెన్నలాంటి గొంతు.

"తీర్మానంలో శత్రువు అనే మాట నా గుండెను గాయపరుస్తోంది సహపంక్తులారా. పొరుగువాడు అందాం."

ధీరవచనుడు చెయ్యి చాచి గరిట తీసుకున్నాడు. పొట్టి మనిషి, పెద్ద మీసం. "మరీ మెత్తగా ఉంటే జనం మనల్ని పిరికివాళ్ళంటారు. కటువైన పొరుగువాడు అందాం! దీనిమీద నేను ప్రాణాలైనా ఇస్తాను, ఒక్క అక్షరం తగ్గను."

"అయ్యా, నేను దంష్ట్రాపురం నుంచి వస్తున్నాను..." అన్నాడు మాచన్న.

ధర్మాసనం మీద తాటాకుల కట్ట ముందేసుకున్న ముసలాయన తలెత్తాడు. కూటమి నియమాలన్నీ కంఠతా వచ్చిన నిబంధనాచార్యులు. "గరిట లేనివాడు మాట్లాడరాదు. పైగా నిజనిర్ధారణ సంఘం నివేదిక నిన్ననే చదివాం నాయనా. శత్రువు లేడు."

"నేను చూసొచ్చానండీ!"

"నువ్వు సంఘంలో సభ్యుడివా?"

"పడవ తోలానండీ."

"తోలినవాడు చూసింది లెక్కలోకి రాదు."

మాచన్నకు రేవులో అక్క మొహం గుర్తొచ్చింది. ఇంకేమీ ఆలోచించలేదు. మూడంగల్లో పంక్తులు దాటి, ధీరవచనుడి చేతిలోంచి గరిట లాక్కున్నాడు. అయిదడుగుల గరిట అది, తెడ్డు బరువే ఉంది, పట్టు సులువుగానే కుదిరింది.

గరిట కోసం నూరేళ్ళుగా వాదించారు, ఏడ్చారు, అలిగారు, విడిపోయి మళ్ళీ కలిశారు. లాక్కున్నవాడు మాత్రం ఇంతవరకూ లేడు. ఆరువందల మంది నోళ్ళు తెరుచుకుని ఉండిపోయారు. ఆ నిశ్శబ్దంలో మాచన్న గంటలు విప్పిన గుర్రాల గురించి చెప్పాడు. ఆరుతున్న తోళ్ళ గురించి చెప్పాడు. మొన లేని ఈటె గురించి, తలుపు పట్టని ఏనుగు గురించి చెప్పాడు. "సేనాధిపతి దొంగ అని మీరన్నది నిజమే. శత్రువు వస్తాడని ఆయనన్నదీ నిజమే. రెండూ నిజమైతే మధ్యలో చచ్చేది మా రేవువాళ్ళండీ. వాళ్ళూ మీ పేదలే గదా!"

అతని వెనక బుసబుసమని శబ్దం వచ్చింది. వింటూ వింటూ కట్టెలు లాగడం మరిచిపోయారు. అంబలి పొంగి, గుండిగ అంచులు దాటి, పొయ్యిలోకి కారింది.

నిబంధనాచార్యులు తాటాకులు తిరగేశాడు. "పొంగు వచ్చింది. గరిట ఇతని చేతిలో ఉంది. కాబట్టి... ఇతనే నాయకుడు."

"ఇతను కూటమివాడే కాదు!" అని అరిచాడు ధీరవచనుడు.

"కూటమివాడై ఉండాలని ఎక్కడా లేదు సహపంక్తీ. బయటివాడెవడైనా దీన్ని కోరుకుంటాడని రాసినవాళ్ళకు తోచలేదు."

సాయంత్రం రాజసభలో, చరిత్రలో మొదటిసారి, ఎడమపక్క నుంచి ఒక నాయకుడు లేచి రేవుకు రెండువందల మంది రౌతులు కావాలన్నాడు. కుడిపక్క గగ్గోలు పుట్టింది. "పదిహేనేళ్ళుగా సైన్యం వద్దన్నవాళ్ళు ఇవాళ కావాలంటున్నారంటే ఇందులో కుట్ర ఉంది ప్రభూ!" అన్నాడు ప్రచండగుప్తుడు. దేశభక్తులందరూ చేతులెత్తి రేవు రక్షణను ఓడించారు. సుఖసేన మహారాజు తాంబూలం నములుతూ రెండు పక్షాలవారినీ మెచ్చుకున్నాడు. ఏనుగు ప్రదర్శన అయ్యాక తీరిగ్గా ఆలోచిద్దామన్నాడు.

మండపానికి తిరిగి వస్తూ మాచన్న అడిగాడు. "ఆచార్లుగారూ, నాయకుడు తనంతట తాను చెయ్యగలిగింది ఏమన్నా ఉందాండీ?"

"దేనికైనా తీర్మానం కావాలి నాయనా." ఆచార్యులు తాటాకుల కట్ట చంకలో సర్దుకున్నాడు. "గుండిగ ఎక్కడ దించాలో మాత్రం నాయకుడి ఇష్టం. పాతకాలంలో ఆకలి ఎక్కడుంటే అక్కడికి మోసుకుపోయేవాళ్ళట. గుండిగ ఉన్నచోటే పంక్తి. వేరేచోట తినడం నిషిద్ధం. నూరేళ్ళుగా ఎవరూ కదపలేదనుకో."

మాచన్న ఆగిపోయాడు. రెండు రోజుల్లో మొదటిసారి అతని మొహం మీద నవ్వు కనబడింది.

*

తెల్లవారేసరికి రాతిపొయ్యి మీద గుండిగ లేదు! ఆరు జతల ఎడ్లు కట్టిన బండి మీద అది తూర్పుదారి పట్టింది. మాచన్న పగ్గాలు పట్టుకున్నాడు. వెనక ఆరువందల మంది ఉత్తరీయాలు ఎగరేసుకుంటూ, చెప్పులు తెగుతుంటే, రొప్పుతూ పరుగెత్తుతున్నారు.

"ఇది నిరంకుశత్వం సహపంక్తీ!" అని అరిచాడు సౌమ్యకేతుడు.

"అవునండీ. రేవులో అంబలి పెడతాను, రండి!"

దారిలో రెండుసార్లు ఆగి నిరసన తీర్మానం చేశారు. మూడోసారి చేసేలోగా బండి కనుమరుగవుతుందని భయమేసి, తీర్మానాన్ని నడుస్తూనే ఆమోదించారు. కొండ కనుమ దగ్గర దొంగల గుంపొకటి అడ్డం వచ్చింది. ధీరవచనుడు వాళ్ళకు కటువైన మాటల్లో గంటసేపు ఉపన్యసించాడు. దొంగలు చేతిలో ఉన్నది అతనికే ఇచ్చి వెళ్ళిపోయారు. పొద్దు వాలేవేళకు అందరూ గవ్వలరేవులో పడ్డారు.

పోలమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని ఆ ఊరేగింపు చూసింది. "రెండొందల మంది సైనికుల్ని తెమ్మంటే ఆరొందల మంది పెళ్ళివారిని తెచ్చావేంట్రా?"

"వీళ్ళు మా వాళ్ళే అక్కా. నేను నాయకుణ్ణి."

"నువ్వా? పడవకు పగ్గం సరిగ్గా కట్టడం రాదు!"

అక్కడే, ఒడ్డు మీద, మాచన్న సంగతి వివరించాడు. మేటల పొడవునా, నీటి అడుగున జానెడు లోతులో కనబడకుండా, మొన చెక్కిన వెదురుగుంజలు పాతాలి. తోలుపుట్టి వాటి మీదికి వస్తే పొట్ట చీరుకుపోతుంది. కూటమి రెండుగా చీలింది. మొన ఉన్నది ఆయుధమని సౌమ్యకేతుడి వర్గం, మొండిదైతే ఉపయోగం లేదని ధీరవచనుడి వర్గం. పొద్దుగూకిపోతోంది. చివరికి నిబంధనాచార్యులు పోలమ్మను అడిగాడు. "అమ్మా, ఇట్లాంటి గుంజలు మీరు మామూలుగా దేనికి పాతుతారు?"

"చేపల మాటుకు తాతా."

"చేపలు ఆహారం. ఆహారం కడుపుకు సంబంధించినది. పాతవచ్చు," అని తీర్పు చెప్పాడాయన. చెప్పి, పంచె పైకి కట్టి, అందరికన్నా ముందు తనే నీళ్ళలోకి దిగాడు. ముసలాయన దిగాక గట్టున నిలబడడానికి మిగతావాళ్ళకు మొహం చెల్లలేదు.

మరునాడు కోడికూతకే మళ్ళీ మొదలుపెట్టారు. జీవితంలో ఎప్పుడూ ఏమీ పాతనివాళ్ళ అరచేతులు బొబ్బలెక్కాయి. సౌమ్యకేతుడు వెన్నలాంటి గొంతుతో బూతులు తిడుతూ వెదుళ్ళు చెక్కాడు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఎడమ మేట అంతా గుంజలతో నిండింది. కుడి మేట సగమే అయింది. ఇంకా రెండువందల బారల నది ఖాళీగా ఉంది.

అప్పుడు కనబడ్డాయి అవతలి ఒడ్డున పుట్టిలు.

ఒకటి, పది, వంద! నల్లటి బుడగల్లా నీళ్ళమీద విచ్చుకున్నాయి. ఒక్కో పుట్టిలో పదిమంది కోరల టోపీలవాళ్ళు. అందరికన్నా ముందు పుట్టిలో, ఎడమకంటికి గుడ్డ కట్టుకుని, ధూమాక్షుడు నిలబడి ఉన్నాడు. అతని చెయ్యి కుడివైపుకు చూపించింది. గుంజలు లేని వైపుకు.

"చూశాడురా! పొగ కన్ను పోయినా రెండో కన్ను బాగానే పనిచేస్తోంది," అంది పోలమ్మ. "ఆ గండి దగ్గర ఎవరన్నా నిలబడితే తప్ప లాభం లేదు."

ఎవరు నిలబడతారు? ఆరువందల మంది చేతుల్లో సుత్తులూ, వెదుళ్ళూ. వాళ్ళ వెనక మూడువందల గడప. మాచన్న ఊరివైపు తిరిగాడు. తిరిగిన వాడి కళ్ళు ఇంకా దూరంగా, రాజధాని దారి మీద ఆగిపోయాయి. అక్కడ ధూళి మేఘంలా లేస్తోంది. ధూళిలో ఈటెలు తళుక్కుమన్నాయి. సైన్యం! చంద్రశిల సైన్యం! అయిదువందల మంది రౌతులు, ముందు తెల్లగుర్రం మీద ప్రచండగుప్తుడు!

కూటమివాళ్ళు చేతులెత్తి జయజయధ్వానాలు చేశారు. రక్షణ ఖర్చును జీవితమంతా వ్యతిరేకించిన గొంతులు అవి, ఎంత కమ్మగా పలికాయో!

గుర్రాలు దగ్గరికొచ్చాయి. సేనాధిపతి నది వంక చూడనైనా లేదు. తాటాకు విప్పి చదివాడు. "రాజాజ్ఞ లేకుండా సరిహద్దు దగ్గర గుంజలు పాతినందుకు, ఏనుగు ప్రదర్శనకు జనం రాకుండా ఆరువందల మందిని తరలించుకుపోయినందుకు, అంబలి కూటమి నాయకుడు మాచన్నను బంధించవలెను. ఎవడ్రా మాచన్న?"

"ప్రభూ, అటు చూడండి, శత్రువు!" అన్నాడు నిబంధనాచార్యులు.

"శత్రువు సంగతి తర్వాత. ముందు ద్రోహి."

పోలమ్మ తమ్ముడి చెవి దగ్గరికి వంగింది. "నువ్వడిగిన సైన్యం వచ్చిందిరా. నిన్ను కట్టేసి తీసుకుపోవడానికి. పడవ ఎక్కు. అడ్డం పోయి అడవిలో పడుదువు గాని, నేను వీళ్ళను మాటల్లో పెడతాను."

మాచన్న పడవ వైపు ఒకడుగు వేశాడు. అక్కడ ఆగి అయిదువందల గుర్రాలను చూశాడు. అన్నీ బాగా మేసిన గుర్రాలు. తర్వాత కుడివైపు గండి చూశాడు. మోకాలి లోతు, గట్టి ఇసుక. గుర్రం పరుగెత్తినా కాలు దిగదు.

అతను వెనక్కి తిరిగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, రేవంతా మారుమోగేట్టు అరిచాడు. "మాచన్న నేనే! రాజుగారి ముందు తలుపు పట్టని ఏనుగు కథ చెప్పబోయేదీ నేనే! ఇత్తడి మావటీ, చేతనైతే పట్టుకో!"

ప్రచండగుప్తుడి మొహం కెంపులా ఎర్రబడింది. మాచన్న అప్పటికే పరుగు లంకించుకున్నాడు. అడవివైపు కాదు. గట్టు దిగి, నీళ్ళు చిమ్ముకుంటూ, కుడిమేట గండిలోకి, తిన్నగా నది నడుమకు, వస్తున్న పుట్టిలకు ఎదురుగా!

"పట్టుకోండి! పారిపోనివ్వకండి!" సేనాధిపతి కత్తి దూశాడు. పదిహేనేళ్ళలో మొదటిసారి ఆ కత్తి ఒర దాటింది. అయిదువందల గుర్రాలు ఒక్క ఉరుకున గట్టు దిగి నదిలోకి దూకాయి. డెక్కల కింద పింగళ నురగలు కక్కింది.

అవతల ముందు పుట్టిలో ధూమాక్షుడికి కనబడిందల్లా కత్తులు దూసి తనమీదికి దూసుకొస్తున్న అశ్వికదళం. వాళ్ళ ముందు వట్టి చేతులతో పరుగెత్తుకొస్తున్న తన పాత ఉలవలవాడు. మాంత్రికుడు పళ్ళు కొరికి, ఎడమకంటికి కట్టిన గుడ్డ పీకి పారేశాడు. ఆరిపోయిందనుకున్న ఆ కంట్లో పొగ మళ్ళీ రాజుకుంటోంది.